నారదుడిది ఏ ఊరి యాస?

కోదాడ పక్కన గుడిబండ అనే ఊరుంది. ఇప్పుడది సూర్యాపేట జిల్లా, 2016 దాకా నల్లగొండ జిల్లా. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923లో ఆ ఊళ్లో పుట్టారు. జనం ఆయన్ని కత్తి కాంతారావు అన్నారు. నాలుగు వందలకు పైగా సినిమాల్లో వినిపించిన ఆయన గొంతు విని, ఈయనది నల్లగొండ జిల్లా అని పోల్చుకున్న ప్రేక్షకుడు బహుశా ఒక్కడు కూడా ఉండడు. ఆయన దాచారని కాదు. ఆయన చేసిన పాత్రల్లో ఊరు బయటపడే సందు లేదు.

దక్షిణ తెలంగాణ నుంచి వచ్చిన నటుల గురించి రాసేటప్పుడు ఎవరెన్ని సినిమాలు చేశారు, ఎన్ని అవార్డులు తెచ్చుకున్నారు అనే లెక్కతో సరిపెట్టడం అలవాటైపోయింది. ఆ లెక్క పక్కనపెట్టి, వాళ్ల నోటి మాటకు ఏమైందని చూస్తే వేరే కథ కనిపిస్తుంది. రేడియో, సినిమా, టీవీ మూడూ నటుణ్ని ముందుగా అడిగేది మాటే. ఆ మాట ఏ ఊరిదై ఉండాలన్నది మాత్రం ఒక్కోచోట ఒక్కో రకంగా తేలింది.

కాంతారావు 1951లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'నిర్దోషి'లో చిన్న వేషంతో తెర మీదికి వచ్చారు. రెండేళ్లకు అదే దర్శకుడి 'ప్రతిజ్ఞ'లో హీరో అయ్యారు. ఆ తర్వాత నారదుడంటే కాంతారావే అన్నంతగా పేరొచ్చింది. 1963లో వచ్చిన 'లవకుశ'లో లక్ష్మణుడు, అదే ఏడాది 'నర్తనశాల'లో కృష్ణుడు. వీటికి తోడు విఠలాచార్య మార్కు జానపదాలు. వీటన్నిటిలో కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఈ పాత్రలేవీ ఇంట్లో మాట్లాడే తెలుగు మాట్లాడవు. నారదుడు 'వచ్చాడు' అనడు, 'వచ్చిండు' అనడు. 'విచ్చేసినాడు' అంటాడు. రాజకుమారుడు 'ఏంది సంగతి' అని అడగడు, 'ఏమి ఈ విపరీతము' అంటాడు.

ఆ భాష ఎవరి తల్లి భాషా కాదు. తెనాలి వాడైనా, తుంగతుర్తి వాడైనా దాన్ని నాటకాల్లో నేర్చుకోవలసిందే. ఒత్తులు పలకడం, శ, ష, సలను విడదీయడం, పద్యం ఎత్తుకున్నాక ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలుసుకోవడం, చివరి వరసలో కూర్చున్న వాడికి కూడా మాట అందేలా గొంతు విసరడం, ఇదంతా సాధన. నిజాం రాజ్యంలో ఆ కాలంలో బడికెళ్లిన పిల్లల్లో ఎక్కువమంది ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లు. తెలుగు పద్యం వాళ్లకు బడిలో కన్నా నాటకంలో, భాగవతంలో, హరికథలో ఎక్కువ దొరికింది. అందుకే పౌరాణికం, జానపదం నడిచినంత కాలం మద్రాసు స్టూడియోలో నల్లగొండ వాడు, గుంటూరు వాడు ఒకే గీత మీద నిలబడగలిగారు. ఇద్దరిదీ నేర్చుకున్న భాషే.

ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. కోదాడకు హైదరాబాద్ కన్నా విజయవాడ దగ్గర. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్ర. పెళ్లి సంబంధాలు, ఆస్పత్రులు, సినిమాలు, చదువులు అన్నీ అటూ ఇటూ నడిచే నేల అది. కాబట్టి కోదాడ, హుజూర్‌నగర్ వైపు మాటకూ దేవరకొండ వైపు మాటకూ తేడా ఉంది. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ పట్నం మాట వేరు. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, అంటే గద్వాల, అలంపురం వైపు, కర్నూలు, రాయచూరుల గాలి తగులుతుంది. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం ఇంటి గడప దాకా వచ్చి కూర్చుంటుంది. ఇన్ని ఉండగా సినిమా వాళ్లు వీటన్నిటికీ కలిపి 'తెలంగాణ స్లాంగ్' అని ఒకే సంచీ కుట్టారు. ఆ సంచీ ఎప్పుడు కుట్టారన్నది తర్వాత చూద్దాం.

రేడియో సంగతి వేరు. విజయవాడలో ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆకాశవాణి అయింది. దక్కన్ రేడియోలో పెద్ద పీట ఉర్దూది. ఆకాశవాణి అయ్యాక తెలుగు పెరిగింది కానీ ఆ తెలుగు ఏది? వార్తల్లో, ప్రసంగాల్లో, నాటకాల్లో వినిపించింది శిష్ట వ్యావహారికం. చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడేదని దానికి పేరు. దాని పునాది మాత్రం కోస్తా జిల్లాల మాట. ఆ ప్రమాణం ఎవరో కుట్ర చేసి పెట్టిందని అనుకోనక్కర లేదు. అచ్చులో, పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో అప్పటికే స్థిరపడిన భాషనే మైకు ముందుకు తెచ్చారు.

రేడియో నటన చూడటానికి తేలికగా ఉంటుంది. కంఠస్థం చెయ్యక్కర లేదు, మేకప్ అక్కర లేదు, కాగితం చేతిలోనే ఉంటుంది. అసలు కష్టమంతా ఆ కాగితంతోనే. కళ్లు అక్షరాల మీద ఉంటాయి, గొంతు మాత్రం చదువుతున్నట్టు వినిపించకూడదు. పేజీ తిప్పిన చప్పుడు రాకూడదు. కోపంతో అరవాలంటే మైకుకు అర అడుగు వెనక్కి జరగాలి, గుసగుసకు దాని మీదికి వంగాలి. పాత్ర బయటి నుంచి ఇంట్లోకి వస్తోందంటే నటుడు నిజంగానే నాలుగడుగుల దూరం నుంచి మాట్లాడుతూ మైకు దగ్గరికి నడవాలి. 'ప', 'బ', 'భ' అన్నప్పుడు ఊపిరి మైకుకు కొట్టుకుని ఢప్పుమనకుండా తల కొద్దిగా పక్కకు తిప్పాలి. మొహంలో కన్నీళ్లు ఎన్ని కార్చినా శ్రోతకు చేరేది గొంతులో వణుకే.

దీనివల్ల ఒక మేలు జరిగింది. రేడియోలో వయసు లేదు, రంగు లేదు, ఎత్తు లేదు. యాభై ఏళ్ల ఆవిడ పదహారేళ్ల పిల్లగా దశాబ్దాల పాటు బతకగలదు. ఒక కీడూ జరిగింది. మొహం తెలియదు కాబట్టి బజారులో ఎవరూ గుర్తుపట్టరు, గుర్తుపట్టని నటుడికి బేరమాడే బలం ఉండదు. ఆడిషన్‌లో నెగ్గితే గ్రేడు ఇస్తారు, గ్రేడును బట్టి నాటకానికి ఇంతని పారితోషికం. అది ఇల్లు గడిచే డబ్బు కాదు. అందుకే రేడియో నటుల్లో ఎక్కువమంది పగలు టీచర్లు, గుమస్తాలు, బ్యాంకు ఉద్యోగులు. రిహార్సల్‌కు ఒకసారి, రికార్డింగ్‌కు ఇంకోసారి రావాలంటే మనిషి హైదరాబాద్‌లోనే కాపురముండాలి. పాలమూరు నుంచి వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి, సెలవు పెట్టి, ఆ చెక్కు తీసుకుని వెళ్తే టికెట్టూ టీ ఖర్చూ పోను మిగిలేది ఎంత?

అయితే జిల్లా అసలు రేడియోలోకి రాలేదా? వచ్చింది. జానపద గేయాల కార్యక్రమంలో వచ్చింది, బుర్రకథ దళంగా వచ్చింది, వ్యవసాయ కార్యక్రమంలో సాగు అనుభవం చెప్పే రైతుగా వచ్చింది. నాట్లేసే పాటలో 'పోయిండు' అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అదే సాయంత్రం నాటకంలో డాక్టరు పాత్రధారి 'పోయిండు' అంటే మాత్రం మళ్లీ టేక్. రేడియో మన జిల్లాల పాట తీసుకుంది, మాట దగ్గర మొహమాటపడింది.

ఇక టీవీ రాక. దీన్ని చాలామంది హైదరాబాద్ దూరదర్శన్‌తో, అంటే 1977తో మొదలుపెడతారు. నిజానికి పాలమూరు పల్లెలు అంతకు ముందే టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి 'సైట్' అనే ప్రయోగం చేశాయి. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు నేరుగా కార్యక్రమాలు అందించారు. ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కోడి గంపల మీద కప్పే జాలీ లాంటి తీగవలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, దాని కింద ఊరందరికీ ఒకే టీవీ. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. జిల్లా వెనుకబడింది కాబట్టే ఎంపికైంది, వెనుకబడింది కాబట్టే పట్నం కన్నా ముందు టీవీ చూసింది. ఇలాంటి తమాషాలు పాలమూరుకు కొత్త కాదు.

సాగు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ లాంటి విషయాల మీద నడిచే ఆ కార్యక్రమాల్లో చూసేవాడు పల్లెటూరి వాడే. అతనికి అర్థం కావడమే ప్రయోగానికి పరీక్ష. నటన అందంగా ఉందా అన్నది రెండో ప్రశ్న. ఏడాది గడిచాక ఉపగ్రహం తన దారిన పోయింది. తర్వాత వచ్చిన దూరదర్శన్ నాటకాలు రేడియో భాషనే కొనసాగించాయి, ఎందుకంటే రాసేవాళ్లు, నటించేవాళ్లు చాలావరకు రేడియో, రవీంద్రభారతి వేదికల మీది నుంచి వచ్చినవాళ్లే.

ఈలోపు మద్రాసులో గాలి మారింది. పౌరాణికాలు తగ్గాయి, కత్తి జానపదాలు తగ్గాయి, సాంఘికాలు పెరిగాయి. దీన్ని మామూలుగా జనం అభిరుచి మారిందని రాసి వదిలేస్తారు. కాంతారావు లాంటి నటుడి వైపు నుంచి చూస్తే పోయింది కత్తి ఒక్కటే కాదు, ఎవరిదీ కాని ఆ భాష కూడా. సాంఘికంలో హీరో కాలేజీ కుర్రాడు, లాయరు, జమీందారు కొడుకు. అతను మాట్లాడేది కృష్ణా, గుంటూరు ఇళ్లలో మాట్లాడే తెలుగు. అక్కడ పుట్టిన నటుడికి అది ఊపిరి, మిగతావాళ్లకు పాఠం. నలభై దాటిన జానపద హీరోకు ప్యాంటు చొక్కా వేసి కొత్తగా పాఠం చెప్పే ఓపిక నిర్మాతలకు ఉండదు.

దీనికి తోడు కాంతారావు సొంతంగా సినిమాలు తీశారు. 1969లో వచ్చిన 'సప్తస్వరాలు' వాటిలో ఒకటి. నిర్మాణంలో నష్టాలు వచ్చాయి, సంపాదించిన ఆస్తి కరిగింది. చివరి దశాబ్దాల్లో చిన్న వేషాలు, టీవీ సీరియళ్లు. 2009 మార్చిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన చివరి రోజుల ఇబ్బందుల మీద సానుభూతి కథనాలు చాలా వచ్చాయి. అవి ఎంతసేపూ దానధర్మాలనూ దురదృష్టాన్నీ చూపించాయి. లెక్క మాత్రం ఇంతే: సినిమాకింత అని తీసుకునే నటుడికి పింఛను లేదు, ఒక రకం సినిమాల మీదే బతికిన నటుడికి ఆ రకం పోయిన రోజు ఉద్యోగం పోయినట్టే, మిగిలిన పొలం కాస్తా నిర్మాణంలో పెడితే వెనక్కి వెళ్లే దారీ మూసుకుపోతుంది.

పక్క తాలూకాలోని తుంగతుర్తి వాడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి. ఆయన దారి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. 1935లో పుట్టి, ఉస్మానియాలో వైద్యం చదివి, 1960లో 'చివరకు మిగిలేది'తో తెరకెక్కారు. ఆయన వచ్చిందే సాంఘికాల్లోకి. పోలీసు అధికారి, జడ్జి, లాయరు, పెద్దమనిషి ముసుగు వేసుకున్న విలన్. ఇవన్నీ 'ఆఫీసు తెలుగు' మాట్లాడే పాత్రలు. ఉస్మానియాలో చదువుకున్న మనిషికి ఆ తెలుగు, దాని మధ్యలో పడే ఇంగ్లీషు రెండూ చేతిలో ఉన్నాయి. కథలు కూడా రాశారు. సినిమా కార్మికుల ఇళ్ల కోసం భూమి ఇచ్చారు, చిత్రపురి కాలనీకి ఆయన పేరుంది. నటనలో ఆయన గొప్ప ఎంత అన్నది వేరే చర్చ. కానీ ఆ రోజుల్లో నల్లగొండ నుంచి వచ్చి సాంఘికంలో నిలబడాలంటే చదువు ఏ పని చేసిపెట్టేదో ఆయన జీవితం చూపిస్తుంది. పద్యం చేసిన పనిని డాక్టరు పట్టా చేసింది.

ఇక 'తెలంగాణ స్లాంగ్' అని కుట్టిన ఆ సంచీ సంగతి. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాటతో విలన్‌గా చేసి మెప్పించారు. కోటది కృష్ణా జిల్లా కంకిపాడు. అద్భుతమైన నటుడు, అందులో అనుమానం లేదు. తెలంగాణ శకుంతల పుట్టుకతో మరాఠీ మనిషి, అయినా రాష్ట్రం పేరే ఆమె ఇంటిపేరైంది. వీళ్ల ప్రతిభను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆలోచించాల్సింది వేరే ఉంది. యాస ఒక వేషంగా మారిపోయింది. మీసం అతికించుకున్నట్టు ఎవరైనా పెట్టుకోవచ్చు, తీసెయ్యవచ్చు. విలనుకు, రౌడీకి, నవ్వించే పనివాడికి పెడతారు. హీరోకు, హీరోయిన్‌కు, వాళ్ల అమ్మానాన్నలకు పెట్టరు. అప్పుడు నకిరేకల్ నుంచి వేషం కోసం వెళ్లిన కుర్రాడి ముందు రెండే దారులు. తన మాట మింగి కృష్ణా తెలుగు నేర్చుకోవడం, లేదా తన మాటనే నలుగురూ నవ్వేలా పెంచి చూపడం. తన ఊళ్లో తన తండ్రి మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడే పాత్ర మాత్రం స్క్రిప్టులో ఉండదు.

మూడో దారి ఒకటుంది, మిమిక్రీ. మళ్లీ కోదాడే. వేణుమాధవ్ అక్కడి వాడు, మిమిక్రీ వేదికల మీద పేరు తెచ్చుకుని 1996లో సినిమాల్లోకి వచ్చి, 2019లో చనిపోయేదాకా కమెడియన్‌గా నడిచారు. మిమిక్రీ కళాకారుడికి సొంత గొంతు అడ్డం రాదు, ఎందుకంటే అతను అమ్మేది ఇతరుల గొంతులే. సరిహద్దు ఊళ్లో పెరిగినవాడి చెవి రెండు రకాల తెలుగు వింటూ పదునెక్కుతుంది. దీనికి రుజువేమీ లేదు, ఊహే. కానీ ఒకే పట్టణం పొలిమేర నుంచి ఇటు గ్రాంథికం పలికిన నారదుడూ, అటు అందరి గొంతులూ పలికిన మిమిక్రీ వాడూ రావడం ఆలోచింపజేస్తుంది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక లెక్కలన్నీ మారాయి. పదేళ్లు తిరిగేసరికి డైలీ సీరియల్ పెద్ద ఫ్యాక్టరీ అయి కూర్చుంది. రోజుకు ఇన్ని సీన్లు తీయాలని టార్గెట్, వారం వారం రేటింగుల టెన్షన్. నటుడికి రోజుకింత అని లెక్క, నెలలో పిలిచిన రోజులకే డబ్బు. కథలో పాత్ర కోమాలోకి పోతే ఆ నెల అద్దె కట్టడం కష్టం. డైలాగు బట్టీ పట్టే టైం ఉండదు, కెమెరా పక్కన ప్రాంప్టర్ చదువుతుంటే విని అప్పజెప్పాలి. చాలా సీరియళ్లలో హీరోయిన్లు కర్ణాటక నుంచి వస్తారు, వాళ్ల పెదాలకు మాట ఇచ్చేది డబ్బింగ్ ఆర్టిస్టు.

ఈ డబ్బింగ్ గదిలోకి తొంగి చూస్తే పాత రేడియో స్టూడియో మళ్లీ కనిపిస్తుంది. అదే మైకు, అదే కాగితం, మొహంతో పనిలేని అదే నటన. కాకపోతే రేడియో నాటకం మొదట్లో పాత్రధారుల పేర్లు చదివేవారు. సీరియల్‌లో ఆ గొంతు ఇంటిల్లిపాదికీ రోజూ వినిపిస్తుంది, అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇక్కడా కావలసింది 'న్యూట్రల్' తెలుగే. ఆ న్యూట్రల్ ఏ జిల్లాదో అడిగితే ఎవరూ చెప్పరు.

మార్పు వచ్చింది వార్తల వైపు నుంచి. తెలంగాణ ఉద్యమ కాలంలో, ఆ తర్వాత వార్తా చానళ్లు యాసలో వార్తలు, వ్యంగ్య కార్యక్రమాలు మొదలుపెట్టాయి. చేవెళ్ల దగ్గరి పామెన నుంచి వచ్చిన బిత్తిరి సత్తి వీ6 చానల్లో ఇంటింటి మనిషయ్యాడు. ఇక్కడ యాస పాత్ర లక్షణంగా రాలేదు, కార్యక్రమం భాషగానే వచ్చింది. 2017లో 'ఫిదా'లో హీరోయినే తెలంగాణ మాట మాట్లాడింది, అదీ నటి సాయిపల్లవి సొంత గొంతుతో. తమిళనాడు అమ్మాయి ఆ మాట నేర్చుకుని పలికింది. నేర్చుకోదగ్గ భాషగా యాసకు గుర్తింపు దొరికిందంటే అదే పెద్ద మలుపు. 2019లో ఆలేరు ప్రాంతపు చేనేత మనిషి చింతకింది మల్లేశం జీవితం మీద సినిమా వచ్చినప్పుడు కథానాయకుడే ఇక్కడి మాట మాట్లాడాడు. అచ్చంపేట వైపు మూలాలున్న విజయ్ దేవరకొండ తండ్రి టీవీ సీరియళ్ల దర్శకుడు. తండ్రి తరం బుల్లితెర దగ్గర ఆగింది, కొడుకు హైదరాబాదీ మాటతోనే పెద్ద తెర మీద హీరో అయ్యాడు.

ఇదంతా గెలుపు కథలా చెప్పుకోవడానికి తొందరపడక్కర లేదు. లింగాల మండలం అవుసలికుంట వాడు కిన్నెర మొగిలయ్య. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే ఆయన గొంతు ఒక పెద్ద హీరో సినిమా పాటతో 2021లో రాష్ట్రమంతా మోగింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. రేడియో కాలం నాటి పద్ధతే ఇది. పాటగా పిలుస్తారు, పాట అయ్యాక పంపించేస్తారు.

నటుల సంగతికి వస్తే, ఇప్పుడు హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకుని వేషాల కోసం తిరిగే పాలమూరు కుర్రాడికి ఆడిషన్ పిలుపులు ఫోన్లోకే వస్తాయి. వయసు ఇంత, ఎత్తు ఇంత, 'తెలంగాణ స్లాంగ్ వచ్చి ఉండాలి' అని అందులో రాసి ఉంటుంది. ఒకప్పుడు దాచుకోమన్న దాన్నే ఇప్పుడు అర్హతగా అడుగుతున్నారు. అయితే 'కృష్ణా జిల్లా స్లాంగ్ వచ్చి ఉండాలి' అని రాసిన పిలుపు ఒక్కటీ కనిపించదు. దాన్ని ఇంకా ఎవరూ స్లాంగ్ అనడం లేదు.